చెడిపోయిన నిశ్శబ్దం

మాట పడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. బళ్లో మాస్టారి చేత పడ్డాను, పనిలో యజమాని చేత పడ్డాను, ఇంట్లో వదిన చేత విడతలవారీగా పడుతూనే ఉన్నాను. మాట పడిపోవడం వేరు. ఆ వానాకాలం మా ఇంట్లో మాట పడిపోయింది. నాది పడిపోయి ఉంటే ఇరుగూ పొరుగూ హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్లు. పడిపోయింది మా అన్నయ్యది.

అన్నయ్య డబ్బింగు చెప్పేవాడు. ఎక్కడో తీసిన సీరియల్లో ఎవరో నటిస్తే, ఆ నోటికి ఈయన గొంతు తొడిగేవాడు. ఆ గొంతుకి మాటలు రాసేది నేను. తెర మీద పెదవులు కలిసినచోట నా మాటలోనూ పెదవులు కలవాలి. ప, బ, మ పడాలి. అక్కడ నోరు తెరుచుకుంటే ఇక్కడా తెరుచుకోవాలి. డబ్బింగు అన్నదాంట్లో డబ్బు ముందొచ్చి కూర్చుంటుంది గాని, మా దగ్గరికి మటుకు ఎప్పుడూ ఆఖర్నే వచ్చేది. ఇద్దరం ఒక పెదవికి పనిచేసే ఇద్దరు కూలీలం. నాకు పెళ్లి కాలేదు. రోజంతా డైలాగులు రాసేవాడికి ఇంటికొచ్చాక ఎదురు డైలాగు ఎందుకని నేను చెప్పుకుంటాను. అసలు కారణం ఎవరూ నన్ను చేసుకోకపోవడం. అందుకని అన్నయ్య ఇంటి మేడ మీద గదిలో ఉండేవాణ్ణి, కింద వదిన చేతి అన్నం తినేవాణ్ణి.

సీరియల్లో కోడల్ని కాల్చుకు తినే మామగారి గొంతు అన్నయ్యదే. "కోడలా!" అన్నాడంటే చూసేవాళ్ల చేతుల్లో గ్లాసులు వణికేవి. పిల్లల కార్టూన్లో ఎలుగుబంటికి ఎలుగిచ్చిందీ ఆయనే. సిమెంటు ప్రకటనలో గోడ గట్టిదనం గురించి గోడకే నమ్మకం కలిగేలా చెప్పిందీ ఆయనే. రికార్డింగు గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు, కిందంతా తివాచీ. చెప్పులు బయట, చెప్పడాలు లోపల అని నేననేవాణ్ణి. అన్నయ్య చెప్పులతోపాటు ఇంకోటి కూడా బయట విడిచి వెళ్లేవాడు. తన ఇంటి గొంతు.

ఆ ఇంటి గొంతు వేరు. సన్నగా, కాస్త ముక్కుతో, మాట చివరలు మింగేస్తూ, గొణుగుతున్నట్టు ఉండేది. పనికోసం గొంతు దాచుకుని దాచుకుని ఇంట్లో మిగిలింది అంతే. వదినకి పెళ్లయినప్పటి నుంచీ అదొక్కటే ఫిర్యాదు.

"కాస్త గట్టిగా చెప్పండి. ఊరందరికీ వినబడతారు, నాకే వినబడరు."

మొదటి వాన పడిన రోజు అందరం భోజనాల దగ్గర ఉన్నాం. అన్నయ్య కూతురు ఒక కంపెనీలో మిషన్లకు మాట్లాడటం నేర్పుతుంది. జనం ఫోన్ చేసి విసుక్కుంటే మిషను వాళ్లని ఎలా ఓదార్చాలో కూర్చుని దిద్దుతుంది.

"మనుషుల్ని మిషను ఓదారిస్తే, మిషన్ని ఎవరు ఓదారుస్తారే?" అన్నాను.

"నేనే బాబాయ్. నా ఉద్యోగమే అది."

"రేపు నా ఉద్యోగం కూడా అది లాగేసుకుంటుందంటావా?"

"మొన్న నీ జోకులు కొన్ని దానికి పెట్టి చూశాను. 'ఇందులో నవ్వవలసింది ఎక్కడో దయచేసి చూపించండి' అంది."

"మిషను కాబట్టి ధైర్యంగా అడిగింది. మేం ఇన్నేళ్లూ మొహమాటపడ్డాం" అంది వదిన.

అన్నయ్య నవ్వి ఏదో అన్నాడు.

"ఏంటండీ? గట్టిగా చెప్పండి."

మళ్లీ అన్నాడు. వదిన చెంబు కింద పెట్టి ఆయన వైపు వంగింది. మూడోసారి అన్నయ్య మెడ నరాలు ఉబ్బేలా నోరు తెరిచాడు. ఆ రోజు ఆయన గట్టిగానే చెప్పాడు. గొంతే రాలేదు. ఉప్పు అడిగాడు, అంతే. పెదవులు ఒత్తుగా కలవడం నేను చూశాను కాబట్టి ఉప్పు గిన్నె జరిపాను.

డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. గొంతులో గడ్డ. స్వరపేటిక తీసేయాలి, మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి ఇక అక్కడి నుంచే. ప్రాణానికి భరోసా ఇవ్వగలదట, మాటకి ఇవ్వలేదట.

"పేటిక అంటే పెట్టె కదండీ. పెట్టె తీసేస్తే మా అన్నయ్య సామాను ఎక్కడ పెట్టుకుంటాడు?" అన్నాను. నా నోరు ఊరుకోదు, భయం వేస్తే మరీను. "గొంతు కోసేవాళ్లని చాలామందిని చూశాం గాని, ముందుగా చెప్పి కోసేది మీరేనండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. వదిన నా చెయ్యి గిల్లింది. అన్నయ్య ఒక్కడే నవ్వాడు, శబ్దం లేకుండా.

"మందులిస్తే కొన్నాళ్లు గొంతు వస్తుంది" అందామె. "ఆ కొన్నాళ్లలోనే మీ గొంతు రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత మీరు టైపు చేస్తే ఫోను మీ గొంతుతోనే మాట్లాడుతుంది. ఇప్పుడు చాలామంది చేసుకుంటున్నారు. మామూలుగా, ఇంట్లో మాట్లాడుకునే మాటలే చెప్పండి."

అన్నయ్య మొహం వెలిగింది. బొంగురుగా, "రికార్డింగా? అది మా పనేనండీ" అన్నాడు.

మా పనే. అక్కడే వచ్చింది చిక్కంతా.

మందులకి గొంతు తేరుకోగానే స్టూడియోకి వెళ్లాం. మా సౌండు ఇంజనీరుని అందరూ నిశ్శబ్దం అంటారు. టేకు మొదలయ్యే ముందు "నిశ్శబ్దం!" అని ఒక్క కేక వేస్తాడు, ఆ తర్వాత రోజంతా ఇంకో మాట ఆడడు. పెట్టిన పేరు మర్చిపోయి చాలాకాలమైంది, ఆయనతో సహా. ఆయనకో పద్ధతి ఉంది. ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు, గదిలో కళాకారుణ్ణి ఊరికే నిలబెట్టి, ఏమీ మాట్లాడనివ్వకుండా కాసేపు ఆ ఊరకుండటాన్ని రికార్డు చేస్తాడు. ఒక గది నిశ్శబ్దం ఇంకో గదికి పనికిరాదట. మనిషి ఉన్న గదిదీ, లేని గదిదీ కూడా ఒకటి కాదట. మాటకీ మాటకీ మధ్య చిరుగు పడితే అదే రోజు నిశ్శబ్దంతో మాసిక వేస్తాడు.

"అందరూ బట్టకి మాసికలు వేస్తారు, నువ్వు వట్టిదానికి వేస్తావేమయ్యా" అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోవడం ఆయన వృత్తి.

అన్నయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. వేడినీళ్లు తాగాడు. పొట్ట లోపలికి పీల్చి, వెన్ను నిలబెట్టి, ఒక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. వాక్యాలు నేను రాసినవి. అన్నం, నీళ్లు, తలుపు, తువ్వాలు, అన్నీ ఇంటి మాటలే. కాకపోతే నేను రాసినవి కదా, ఒక్కోటి నున్నగా చిత్రికపట్టినట్టు ఉన్నాయి.

"ఆ తలుపు దగ్గరగా వేయి, చలిగాలి లోపలికి వస్తోంది" అన్నాడు అన్నయ్య మైకులో. గాలి తగిలినట్టే అనిపించింది మాకు.

"అన్నయ్యా, 'వస్తోంది' దగ్గర ఊపిరి వినబడింది. ఇంకో టేకు."

ఇంకో టేకు. మళ్లీ ఇంకో టేకు. ఆ టేకులన్నీ కోయిస్తే ఒక మంచం చేయించుకోవచ్చు. కాస్త దగ్గితే తీసేశాం. తడబడితే తీసేశాం. మాట చివర మింగేస్తే ఆయనే చెయ్యి ఊపి "బాలేదు, మళ్లీ" అనేవాడు. ఆఖరి రోజున ఆయన బయటికి వస్తుంటే స్టూడియోలో ఉన్నవాళ్లందరూ లేచి చప్పట్లు కొట్టారు. నిశ్శబ్దం కూడా కొట్టాడు. అన్నయ్య చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూసి, సన్నగా, ముక్కుతో, "పర్లేదంటావా రా?" అన్నాడు.

"అదిరింది" అన్నాను. ఆ "పర్లేదంటావా రా"ని ఎవరమూ రికార్డు చేయలేదు.

ఆపరేషను బాగా జరిగింది. అన్నయ్య మెడకి తెల్లటి గుడ్డ ఒకటి అడ్డం కట్టుకుని ఇంటికి వచ్చాడు. దగ్గు వస్తే మెడలోంచి వచ్చేది. నిద్రలో గురక కూడా పోయింది. మేడ మెట్ల మీద ఆ గురకని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. మొదటి రోజుల్లో పెదవులు చూసి ఆయన అనేదేంటో నేను పైకి చెప్పేవాణ్ణి. అది నాకు వచ్చిన విద్యే. ఆయన పెదవి కదిపితే నేను డబ్బింగు.

రెండు రోజులు చూసి వదిన అంది. "నువ్వు చెప్పకయ్యా. నీ మాటలు కలిసిపోతున్నాయి. ఆయన ఇన్ని మాటలు మాట్లాడరు."

ఈలోగా అమ్మాయి ఫోను సిద్ధం చేసింది. వాన జోరుగా పడుతోంది, కిటికీలన్నీ మూసేశాం. అన్నయ్య మంచం మీద కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. నొక్కాడు.

"కాసిని మంచినీళ్లు ఇస్తావా?"

గది దద్దరిల్లింది. ఎంత బాగా పలికిందో! ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు ఉంది. గోడ అవతల పక్కింటావిడ, "అప్పుడే సీరియల్ మొదలైపోయిందా?" అని వాళ్లాయన్ని అడగడం వినబడింది. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ తండ్రి భుజం పట్టుకుంది. నేను విజిల్ వేశాను.

వదిన నీళ్లు తెచ్చింది. గ్లాసు ఆయన చేతికి ఇచ్చి, నిలబడి, ఆయన తాగేదాకా చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం వదిన మేడ మెట్ల మీద ఆరని బట్టలు పరుస్తుంటే నేను వెళ్లి కూర్చున్నాను.

"ఏం వదినా, అన్నయ్య పలికితే పలక్కుండా వచ్చేశావ్?"

"మామగారికి నీళ్లిచ్చినట్టు ఉందయ్యా నాకు."

"ఆ మామగారు మీ ఆయనే కదా."

"టీవీలో." చొక్కా ఒకటి దులిపింది. "ఆయన మంచినీళ్లు ఇస్తావా అని ఎప్పుడూ అడగలేదు. 'ఏమే, నీళ్లు' అంటారు. ఆ నీళ్లలో ళ్లు కూడా నాకు సరిగ్గా వినబడదు. నాకు ఆ గొణిగే గొంతు కావాలి. అది ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి నువ్వూ అమ్మాయీ. మీకు ఇన్ని మిషన్లున్నాయి."

గొంతెమ్మ కోరిక అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతకంటే అతికినట్టు దొరకదు. జీవితంలో మొదటిసారి ఒక మాట మింగేశాను. అన్నయ్య మింగినట్టే.

వెతికాం. ఫోన్లలో ఉంటుందిలే అనుకుంటారు ఎవరైనా. అమ్మాయి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ, పాతవి పాడైనవి కూడా బాగు చేయించి చూసింది. వీడియో తీయడానికి ఎవరైనా ఫోను ఎత్తగానే అన్నయ్య ఎలుగుబంటి అయిపోయేవాడు. చిన్నప్పటి వీడియోల్లో అన్నిట్లోనూ కూతురు పడీపడీ నవ్వుతోంది, పక్కన ఎలుగుబంటి మాట్లాడుతోంది. మిగతావాటిల్లో తీస్తున్నవాడు ఆయనే, తీసేటప్పుడు నోరు మెదపడు. శబ్దం పాడవుతుందని. గొంతు మెసేజీలు పంపమంటే, "గొంతు పనికి, బొటనవేలు ఊరికే" అని బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. అమ్మాయి ఫోనులో తండ్రివి వందలకొద్దీ బొటనవేళ్లు ఉన్నాయి. గొంతు లేదు. పెళ్లి వీడియో మీద మొదట్నుంచీ చివరిదాకా సన్నాయి.

స్టూడియోలో అడిగాం. అన్నయ్యవి అన్నీ ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి. అదే దురదృష్టం. పనికిరానివన్నీ ఎప్పటికప్పుడు తీసిపారేయడం మంచి స్టూడియో లక్షణం.

"బాబాయ్, మేం మిషన్లకి మామూలుగా మాట్లాడటం నేర్పడానికి చచ్చిపోతున్నాం" అంది అమ్మాయి ఒకరోజు, పాత ఫోన్ల కుప్ప ముందు కూర్చుని. "ఊపిరి తీసుకోవడం, ఆగడం, 'అదీ... అంటే...' అనడం. అవన్నీ కష్టపడి పెడుతున్నాం దానికి. మీరేమో ఉన్న మనిషిలోంచి తీసేశారు."

కుప్పలోంచి ఇంకో ఫోను తీసి ఆమెకి అందించాను.

సీరియల్ ఆగలేదు. కంపెనీవాళ్లు వచ్చి, పాత రికార్డింగులతో మామగారి గొంతు మిషనుకి నేర్పిస్తామన్నారు. అన్నయ్య సరేనని తలూపాడు. ఆ తర్వాత ఒకసారి క్షవరానికి వెళ్తే మంగలి నా తల వంచి, "సార్, మీ అన్నగారి గొంతు ఈమధ్య ఇంకా బాగుంది సార్" అన్నాడు.

"అవునా?"

"ముందు అప్పుడప్పుడు కొంచెం అలసిపోయినట్టుండేది. ఇప్పుడు గంట కొట్టినట్టుంది. ఆరోగ్యం బాగా చూసుకుంటున్నారనుకుంటా."

"ఆ. చాలా బాగా చూసుకుంటున్నాం" అన్నాను. మంగలి నా తల ఇంకొంచెం కిందికి వంచాడు, అద్దంలో నా మొహం చూడాల్సిన పని తప్పింది.

ఇంట్లో రోజూ సీరియల్ సమయానికి అన్నయ్య టీవీ పెట్టుకునేవాడు. మామగారు "కోడలా!" అని గర్జిస్తుంటే ఈయన మెడ దగ్గర గుడ్డ చిన్నగా ఎగిరిపడేది. ఫోను పక్కనే ఉండేది. దాన్ని వాడటం మానేశాడు. నీళ్లు కావాలంటే గ్లాసు మీద గోటితో కొట్టేవాడు. వదిన వచ్చేది. ఇద్దరి మధ్యా మిగిలింది ఆ టకటక ఒక్కటే.

వానలు వెనక్కి తగ్గుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం నిశ్శబ్దం మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడు. ఆయన ఎవరింటికైనా వెళ్లడం నేను ఎప్పుడూ వినలేదు. చంకలో ల్యాప్‌టాప్, తడవకుండా చొక్కాలో దోపుకున్న చిన్న స్పీకరు.

"మీరు మాటల్లో వెతికారు" అన్నాడు నాతో. "నేను నావి వెతికాను."

"నీవేంటి?"

"నిశ్శబ్దాలు. ఏవీ పారేయను కదా."

అన్నయ్య టీవీ ఆపేశాడు. వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అమ్మాయి గబగబా ఫోనూ, వైరూ తెచ్చుకుంది.

"ఇది చెడిపోయింది" అన్నాడు నిశ్శబ్దం, తప్పు చేసినవాడిలా. "ఎప్పుడో పాత సీరియల్ రోజుది, నేను రికార్డింగు మొదలుపెట్టినట్టు ఈయన చూసుకోలేదు. తర్వాత ఇంకోటి తీశాం, అదే వాడాం. దీన్ని అప్పుడే చెరిపేయాల్సింది. ఎందుకో చెరపబుద్ధి కాలేదు."

స్పీకర్లోంచి ముందు ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడం వచ్చింది. అది మా రికార్డింగు గది. నేను గుర్తుపట్టాను, ఏసీ సన్నటి హోరుతో సహా. ఎవరో కాలు మార్చి నిలబడ్డారు. తర్వాత, మైకుకి దూరంగా, ముక్కుతో.

"ఏమే... నేనే. లేటయ్యేలా ఉంది... ఆ వెధవ ఇంకా రాస్తూనే ఉన్నాడు..." కాసేపు ఏమీ లేదు. "నువ్వు తినేయ్... ఆఁ?... గట్టిగానే చెప్తున్నా కదే..." మళ్లీ కాసేపు. "మేడ మీద బట్టలు తీశావా, మబ్బు పట్టింది... ఏమే... వినబడుతోందా?"

వెంటనే నిశ్శబ్దం కేక. "నిశ్శబ్దం!"

అయిపోయింది.

నేను అమ్మాయి వైపు వంగి, "సరిపోతుందా?" అన్నాను.

ఆమె చేతిలో వైరు చుట్టేస్తోంది. "సరిపోదు బాబాయ్" అంది. కాస్త ఆగి, "మిషనుకి" అంది.

వదిన మంచం దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంకోసారి పెట్టు నాయనా."

ఈసారి ఏసీ హోరు మొదలవగానే అన్నయ్య వెన్ను నిటారుగా పెట్టాడు. పొట్ట లోపలికి పీల్చాడు. చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. తర్వాత ఏమనుకున్నాడో, చెయ్యి దించేసి, భుజాలు వదిలేసి, ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏమే... నేనే" అంది స్పీకరు. అన్నయ్య పెదవులు కలిశాయి, విడిపోయాయి. ఏమే దగ్గర మ సరిగ్గా పడింది. లేటయ్యేలా దగ్గర నోరు సాగింది. వెధవ అన్నచోట కళ్లు నా వైపు తిరిగాయి. జీవితమంతా ఇంకొకళ్ల పెదవుల మీద తన గొంతు కూర్చోబెట్టిన మనిషి, ఇప్పుడు తన గొంతు మీద తన పెదవులు కూర్చోబెడుతున్నాడు. ఒక్క వెంట్రుక తేడా లేదు. అన్ని వేల టేకులు చూశాను నేను, ఇలా కలిసిన టేకు చూడలేదు.

"నువ్వు తినేయ్..."

ఆ ఖాళీలో వదిన అంది. "తిన్నానండీ."

"ఆఁ?... గట్టిగానే చెప్తున్నా కదే..."

వదిన తలూపింది.

"మేడ మీద బట్టలు తీశావా, మబ్బు పట్టింది..."

"తీశాను. మడతపెట్టేశాను కూడా."

"ఏమే... వినబడుతోందా?"

"నిశ్శబ్దం!" అని కేక వినబడింది.

ఎన్నేళ్ల అలవాటో, ఆ కేకకి మేం ముగ్గురం, నేనూ, అన్నయ్యా, ఆ కేక వేసినవాడూ, ఒక్కసారిగా ఊపిరి బిగబట్టాం. గది గదంతా టేకుకి సిద్ధమైపోయింది. వదినకి మా పని అలవాటు లేదు.

"ఆ. వినబడుతోందండీ" అంది.